నాలుగు మిల్లీమీటర్ల గాలిదారి

వేయించిన పల్లీల పళ్లెం నేలమీద ఉంటుంది. ఏడాదిన్నర పిల్లాడు నాలుగు గుళ్లు నోట్లో వేసుకుని పరుగెత్తుతాడు, లేదంటే ఎవరో కితకితలు పెట్టి నవ్విస్తారు. ఉన్నట్టుండి పొలమారుతుంది. ఇంట్లో పెద్దావిడ మాడు మీద తట్టి ‘ఎవరో తలుచుకుంటున్నారు’ అంటుంది. ఒకటి రెండు నిమిషాలు ఆగని దగ్గు, కళ్లవెంట నీళ్లు, కందిపోయిన మొహం. తర్వాత దగ్గు సద్దుమణుగుతుంది. పిల్లాడు మళ్లీ ఆటలో పడతాడు. ఆ సంగతి ఇంటిల్లిపాదీ మర్చిపోతారు.

వారం పది రోజులకు జ్వరం, దగ్గు. ఊళ్లో డాక్టరు నెమ్ము చేసిందంటాడు. మందు వాడితే తగ్గుతుంది, ఆపితే తిరగబెడుతుంది. పిల్లికూతలు వినిపిస్తే ఉబ్బసమేమోనని నెబ్యులైజర్ పెడతారు. నెలకో, రెండు నెలలకో ఎవరో ఒక డాక్టరు ‘ఈ మధ్య ఏదైనా తింటుండగా పొలమారిందామ్మా?’ అని అడుగుతాడు. అప్పుడు గుర్తొస్తుంది తల్లికి. పల్లీ గింజ ఎక్స్‌రేలో కనిపించదు. సగం రోగనిర్ధారణ ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

చిన్నపిల్లల ఊపిరిగొట్టానికి ఆపరేషన్ అనగానే పెద్ద నగరం, పేరుమోసిన సర్జను, గుండె పనీ ఊపిరితిత్తుల పనీ చేసిపెట్టే యంత్రం మనసులో మెదులుతాయి. అలాంటి ఆపరేషన్లు ఉన్నాయి, అవి అరుదు. రోజూ జరిగేవి వేరే: ఇరుక్కున్న గింజ తీయడం, గొంతు కింద రంధ్రం చేసి గొట్టం అమర్చడం, ఆ గొట్టాన్ని కాపాడుకుంటూ రావడం. ఇవన్నీ మామూలు పిల్లల ఆసుపత్రిలో జరగాల్సిన పనులు. ఏది ఇక్కడే చేయాలి, ఏది ముట్టుకోకుండా పై ఆసుపత్రికి పంపాలి అన్న లెక్క ముందే తేల్చుకోని చోట, పిల్లల ప్రాణాలు 108 అంబులెన్సులో దారి మధ్యలో పోతాయి.

కొలతలతో మొదలుపెడదాం. పెద్దవాళ్ల ఊపిరిగొట్టం పది, పన్నెండు సెంటీమీటర్ల పొడవు, ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. అప్పుడే పుట్టిన బిడ్డకు పొడవు సుమారు నాలుగు సెంటీమీటర్లు, లోపలి వెడల్పు నాలుగైదు మిల్లీమీటర్లు. జలుబు వల్లో, గొట్టం రాపిడి వల్లో లోపలి పొర చుట్టూ ఒక మిల్లీమీటరు మందాన వాచిందనుకోండి. నాలుగు మిల్లీమీటర్ల దారి రెండు అవుతుంది, గాలి వెళ్లే చోటు నాలుగో వంతుకు పడిపోతుంది. 1840లలో ఫ్రెంచి వైద్యుడు పోజాయ్ సన్నని గొట్టాల్లో ద్రవాల ప్రవాహాన్ని కొలిచి ఒక సూత్రం చెప్పాడు: వ్యాసార్ధం తగ్గేకొద్దీ నిరోధం దాని నాలుగో ఘాతంలో పెరుగుతుంది. సగమైతే రెండు రెట్లు కాదు, పదహారు రెట్లు. పదహారు మిల్లీమీటర్ల గొట్టం ఉన్న తండ్రికి అదే ఒక మిల్లీమీటరు వాపు వస్తే నిరోధం రెండు రెట్లు కూడా కాదు, 1.7 రెట్లు. ఆయన రెండుసార్లు దగ్గి ఆఫీసుకు వెళ్లిపోతాడు. బిడ్డేమో డొక్కలెగరేస్తూ ఉంటుంది.

ఆ బిడ్డ ఏడిస్తే సంగతి ఇంకా విషమిస్తుంది. గాలి సుడులు తిరుగుతూ వేగంగా పోయేటప్పుడు లెక్క ఐదో ఘాతానికి దగ్గరవుతుంది, అంటే ముప్ఫై రెండు రెట్లు. గాలిదారి మూసుకుపోతున్న బిడ్డను తల్లి ఒడిలోంచి లాక్కుని మంచం మీద పడుకోబెట్టి, చేతికి సూది గుచ్చి, నాలుక నొక్కి చూసే డాక్టరు ఈ లెక్క మర్చిపోయినట్టే. ఒడిలోనే ఉండనిచ్చి, ముక్కుకు కాస్త దూరంగా ఆక్సిజన్ పట్టుకుని, మత్తు డాక్టరును పిలిపించేవాళ్లు అనుభవజ్ఞులు. పైగా పసిబిడ్డ ఒంట్లో కిలోకు ఖర్చయ్యే ఆక్సిజన్ పెద్దవాళ్లకంటే దాదాపు రెట్టింపు, ఊపిరితిత్తుల్లో నిలవ ఉండేది తక్కువ. శ్వాస ఆగితే పెద్దవాళ్లకు దొరికే నిమిషాలు వీళ్లకు దొరకవు.

ఇక పల్లీ దగ్గరకు వద్దాం. మన దగ్గర పిల్లల శ్వాసనాళాల్లోంచి ఎక్కువగా బయటకు తీసేది దాన్నే. అనంతపురం చేలల్లో పండి, ప్రతి ఇంట్లో డబ్బాలో ఉండే గింజ. దాని తర్వాత సీతాఫలం గింజలు, చింతగింజలు, పుట్నాలు, కొబ్బరి ముక్కలు, పెన్ను మూతలు, బొమ్మల్లోంచి ఊడిన ఎల్‌ఈడీ బల్బులు, ఈలలు. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలే ఎక్కువ. కొరికే ముందుపళ్లు వచ్చి ఉంటాయి, నమిలే దవడపళ్లు ఇంకా పూర్తిగా రావు. గింజను ముక్కలు చేయగలరు, మెత్తగా నూరలేరు. అందుకే నాలుగేళ్లలోపు పిల్లలకు గుళ్లు గుళ్లుగా పల్లీలు పెట్టొద్దంటారు పిల్లల డాక్టర్లు. పొడి చేసి, అన్నంలోనో ఉండలోనో కలిపి పెడితే ఇబ్బంది లేదు.

గింజ శ్వాసనాళపు కొమ్మలో కూర్చున్నాక రెండు పనులు జరుగుతాయి. ఊపిరి పీల్చినప్పుడు నాళం కాస్త వెడల్పవుతుంది, గింజ పక్కనుంచి గాలి లోపలికి పోతుంది. వదిలినప్పుడు నాళం బిగుసుకుంటుంది, గాలి లోపలే ఉండిపోతుంది. ఆ వైపు ఊపిరితిత్తి ఉబ్బుతూ పోతుంది. ఎక్స్‌రేలో గింజ కనిపించకపోయినా ఈ ఉబ్బు పట్టుబడుతుంది, అదీ ఊపిరి వదిలిన క్షణంలో తీస్తేనే. రెండోది, పల్లీలోని నూనె నాళపు పొరను రేపుతుంది. చుట్టూ పొర వాచి, కండ పెరిగి, గింజను కప్పేస్తుంది. ఎన్ని రోజులు ఆగితే తీయడం అంత కష్టం, నెత్తురు అంత ఎక్కువ. వస్తువు కుడివైపే పడుతుందని పుస్తకాల్లో ఉంటుంది. పెద్దవాళ్లలో అది చాలావరకు నిజం. చిన్నపిల్లల్లో రెండు కొమ్మల వంపులో తేడా తక్కువ కాబట్టి ఎడమవైపు దొరకడం వింతేమీ కాదు.

ఆపరేషన్ థియేటర్లో ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. కత్తి లేదు, కుట్టు లేదు. ఏడాదిన్నర పిల్లాడికైతే మూడున్నర సైజు బ్రాంకోస్కోపు. అది లోహపు బోలు గొట్టం, పక్కనుంచి మత్తు మిషనుకు కలిపే పైపు ఉంటుంది. మత్తు డాక్టరు మాస్కుతో సెవోఫ్లురేన్ ఇస్తారు, చాలామంది పిల్లాడి సొంత శ్వాసను ఆగనివ్వరు. స్వరతంత్రుల మీద లిగ్నొకెయిన్ కొడతారు. సర్జను బ్రాంకోస్కోపును నోట్లోంచి స్వరతంత్రులు దాటించి కిందికి దింపుతారు. అక్కణ్నుంచి ఆ ఒక్క గొట్టం ఇద్దరిదీ. సర్జనుకు అది చూపు, పనిముట్లు పోయే దారి. మత్తు డాక్టరుకు అదే పిల్లాడి ఊపిరి. లోపలికి టెలిస్కోపు పెడితే గాలికి చోటు తగ్గుతుంది. ‘శాచురేషన్ పడిపోతోంది’ అనగానే సర్జను పనిముట్టు బయటకు తీసి ఆగాలి, అంకె పైకొచ్చాక మళ్లీ మొదలు. ఈ ఇద్దరికీ మాట కలవని చోట ఈ పని పెట్టుకోకూడదు.

గింజ కనిపిస్తుంది: తడికి ఉబ్బి, తెల్లగా, చుట్టూ చీముతో. పల్లీని పట్టే ఫోర్సెప్స్ వేరే ఉంటాయి. మెత్తని గింజను నలపకుండా చుట్టూ వాటేసుకునే పళ్లు వాటికి. గట్టిగా నొక్కితే పల్లీ రెండు బద్దలై, ఒక్కోటీ ఒక్కో కొమ్మలోకి జారుతుంది. పట్టు దొరికాక గింజను స్కోపు గొట్టంలోంచి బయటకు లాగరు, అది పట్టదు. ఫోర్సెప్స్, దాని పళ్లలో గింజ, బయటి గొట్టం మూడింటినీ కలిపి ఒకేసారి బయటకు తీస్తారు. అందరూ భయపడే క్షణం స్వరతంత్రుల దగ్గర వస్తుంది. అక్కడ దారి ఇరుకు. గింజ పట్టు తప్పి ఊపిరిగొట్టం మధ్యలో అడ్డంగా పడితే రెండు ఊపిరితిత్తులకూ గాలి ఆగిపోతుంది. అప్పుడు చేయాల్సింది అనుభవం లేనివాళ్లకు తలకిందులుగా తోస్తుంది: గింజను మళ్లీ కిందికి, అది వచ్చిన కొమ్మలోకే నెట్టేయాలి. ఒక ఊపిరితిత్తి పనిచేస్తే చాలు, పిల్లాడు తేరుకుంటాడు, మళ్లీ ప్రయత్నించొచ్చు. అంతా సవ్యంగా జరిగితే మొత్తం పని అరగంట. ముక్కలేమైనా మిగిలాయేమో ఇంకోసారి చూసి, వాపుకు స్టెరాయిడ్ ఇచ్చి, మర్నాడు ఇంటికి పంపుతారు.

ఈ విద్య పుట్టి నూట పాతికేళ్లు దాటింది. 1897లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో గుస్టావ్ కిలియన్ ఒక రైతు శ్వాసనాళంలోంచి పందిమాంసపు ఎముక ముక్కను తీశాడు. ఫిలడెల్ఫియాకు చెందిన షెవలియర్ జాక్సన్ దీన్ని ఒక శాస్త్రంగా మలిచాడు. తాను జనం గొంతుల్లోంచి, ఊపిరి దారుల్లోంచి తీసిన ప్రతి వస్తువునూ దాచాడు. గుండీలు, పిన్నులు, గింజలు, బొమ్మలు, నాణేలు అన్నీ కలిపి 2,374. ఆ నగరంలోని మ్యూటర్ మ్యూజియంలో సొరుగుల్లో వరసగా పేర్చి ఇప్పటికీ చూపిస్తారు. తర్వాత బ్రిటన్ భౌతికశాస్త్రవేత్త హెరాల్డ్ హాప్కిన్స్ గాజు కడ్డీల కటకాలు తయారుచేశాడు. అంతకుముందు మసకగా కనిపించేదల్లా వెలుగులో నిలిచింది. ఈరోజు జిల్లా కేంద్రంలో కూడా వాడే టెలిస్కోపు ఆ కటకాలదే.

ఇంటి సంగతి ఒకటి చెప్పి ముందుకు పోదాం. పొలమారిన బిడ్డ గట్టిగా దగ్గుతూ, ఏడవగలుగుతుంటే దగ్గనివ్వాలి. గొంతు పెగలక, దగ్గు రాక, పెదాలు నల్లబడుతుంటే ఏడాదిలోపు బిడ్డనైతే తల కిందికి ఉండేలా ముంజేతిమీద బోర్లా వేసి భుజాల మధ్య ఐదు దెబ్బలు, తిప్పి ఛాతీమీద రెండు వేళ్లతో ఐదు నొక్కులు. పెద్ద పిల్లలకు వెనకనుంచి పట్టుకుని బొడ్డు పైన లోపలికి, పైకి నొక్కాలి. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకడం మాత్రం వద్దు, అది ఇంకా లోపలికి పోతుంది. రిమోట్లలో, బొమ్మల్లో ఉండే గుండీ బ్యాటరీది వేరే కథ. అది అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కాల్చడం మొదలుపెట్టి, ముందున్న ఊపిరిగొట్టానికి కూడా చిల్లి పెట్టగలదు. అది రేపటిదాకా ఆగే కేసు కాదు, అర్ధరాత్రైనా తీయాల్సిందే.

గుండ్రంగా ఉన్న ఒకే ఒక్క చోటు

ఊపిరిగొట్టాన్ని నిలబెట్టేవి పదహారు నుంచి ఇరవై దాకా ఉండే మృదులాస్థి కమ్ములు. అవి ‘సి’ అక్షరంలా వెనక తెరుచుకుని ఉంటాయి. వెనకవైపు కండరం, దాని వెనకే అన్నవాహిక. పైన, స్వరపేటిక అడుగున ఉన్న క్రికాయిడ్ ఒక్కటే పూర్తి ఉంగరం. అక్కడ వాపు వస్తే బయటికి పోయే దారి లేదు, లోపలికే వస్తుంది. చిన్నపిల్లల ఊపిరి కష్టాల్లో పెద్ద వాటా ఈ ఉంగరానిదే. ఆ కష్టాల్లో కొన్నింటిని తెచ్చిపెట్టింది వైద్యమే.

కాస్త వెనక్కి వెళ్లాలి. 1825లో ఫ్రాన్సులోని తూర్ పట్టణంలో పియెర్ బ్రెతొనో కంఠసర్పితో ఊపిరాడని ఒక చిన్నపిల్లకు గొంతు కింద ఊపిరిగొట్టం తెరిచి బతికించాడు. అంతకుముందు ఆయన చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. ఆయన శిష్యుడు త్రూసో 1833 నాటికి సుమారు రెండు వందల మంది పిల్లలకు ఈ ఆపరేషన్ చేసి దాదాపు నాలుగో వంతు మందిని దక్కించుకున్నాడు. మిగతా ముప్పావు వంతు మాటేమిటని ఇప్పుడు అడగబుద్ధవుతుంది గానీ, అప్పటికి ఆపరేషన్ లేకపోతే ఆ పావు వంతు కూడా లేదు. టీకా వచ్చాక కంఠసర్పి వెనక్కి తగ్గింది.

1965లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ డాక్టర్లు మెక్‌డొనాల్డ్, స్టాక్స్ పసికందుల ముక్కులోంచి ప్లాస్టిక్ గొట్టం వేసి, రోజుల తరబడి ఉంచి వెంటిలేటర్ మీద బతికించొచ్చని చూపారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు బతకడం మొదలైంది. కొన్నేళ్లకే ఆ బతికిన పిల్లల్లో కొందరు ఊపిరి తీస్తూ కీచుమని చప్పుడు చేయడం మొదలుపెట్టారు. గొట్టం క్రికాయిడ్ దగ్గర ఒరుసుకుని, పొరకు నెత్తురు అందక, పుండై, మానేటప్పుడు గట్టి మచ్చగా మారి దారి ముడుచుకుపోయింది. అర మిల్లీమీటరు ఎక్కువ సైజు గొట్టం వేస్తే ఈ గతి పట్టొచ్చు. అందుకే మంచి ఐసీయూల్లో గొట్టం వేశాక చెవి పెట్టి వింటారు: ఇరవై, ఇరవై ఐదు సెంటీమీటర్ల నీటి పీడనం దగ్గర గొట్టం చుట్టూ కాస్త గాలి కారుతుంటే సైజు సరిపోయినట్టు. ఏమీ కారకపోతే బిగుతైందని అర్థం. పైసా ఖర్చులేని పరీక్ష ఇది. ముడుచుకున్న గొంతును బాగుచేసే ఆపరేషన్ల గురించి ఎంత రాసినా, ఆ ఆపరేషన్ అవసరం రాకుండా చేసేది రాత్రి డ్యూటీలో గొట్టం సైజు ఎంచుకునే జూనియర్ డాక్టరే.

ముడుచుకుపోతే? సగంలోపు మూసుకుంటే తరచు కనిపెట్టి చూస్తే చాలు. లేతగా ఉన్న మచ్చను బెలూన్‌తో సాగదీస్తారు. గట్టిపడి, డెబ్బై శాతానికి పైగా మూసుకుంటే పిల్లాడి పక్కటెముకలోంచి చిన్న మృదులాస్థి ముక్క తీసి, క్రికాయిడ్‌ను నిలువునా చీల్చి, మధ్యలో ఆ ముక్క పెట్టి వెడల్పు చేస్తారు. 1970లలో టొరంటోలో మొదలుపెట్టి తర్వాత సిన్సినాటిలో రాబిన్ కాటన్ ఈ పద్ధతికి రూపమిచ్చాడు. మూసుకుపోయిన శాతాన్ని బట్టి నాలుగు తరగతులుగా లెక్కగట్టే కొలమానం కూడా అక్కడిదే. లొజాన్‌లో ఫిలిప్ మోనియే చెడిన భాగాన్నే కోసి తీసి రెండు కొసలూ కలిపే పద్ధతిని పిల్లలకు చేసి చూపాడు.

ఇంత పెద్ద పని చేసేలోపు బిడ్డ ఊపిరి తీయాలిగా? అందుకు ట్రకియోస్టమీ. జనం మాటలో ‘గొంతుకు రంధ్రం పెట్టడం’. తల్లిదండ్రులు ఈ మాట వినగానే కుప్పకూలుతారు, ఇక పిల్లాడి పని అయిపోయిందనుకుంటారు. ఆ భయం తీర్చడానికి డాక్టరు ఓ గంట కూర్చుని మాట్లాడితే తర్వాత నెలల తరబడి పనికొస్తుంది.

పెద్దవాళ్లకు చేసే ట్రకియోస్టమీని చిన్నదిగా చేస్తే పిల్లల ట్రకియోస్టమీ కాదు. భుజాల కింద చుట్టిన తువ్వాలు పెట్టి మెడ చాపుతారు. మూడో, నాలుగో కమ్ముల మీదుగా నిలువుగా గీత పెడతారు. మృదులాస్థిని ముక్క కూడా కోసి పారేయరు, పారేస్తే అక్కడ గొట్టం కుంగిపోతుంది. గీతకు ఇరువైపులా ఒక్కో దారం వేసి, కొసలను ఛాతీమీద ప్లాస్టరుతో అంటించి, పైన ‘కుడి’, ‘ఎడమ’ అని పెన్నుతో రాస్తారు. ఆ రెండు దారాలూ మొదటి వారం బిడ్డకు రక్ష. దారి ఇంకా గట్టిపడకముందే గొట్టం జారి బయటకొస్తే, మెడ లోపల రంధ్రం ఎక్కడుందో వెతకడం అసాధ్యం. దారాలు రెండూ పట్టుకుని పైకి, పక్కలకు లాగితే ఊపిరిగొట్టం పైకొచ్చి నోరు తెరుస్తుంది. ఐదు నుంచి ఏడు రోజులకు మొదటిసారి గొట్టం మార్చాక వాటిని కోసేస్తారు.

ఇక్కడ సర్జను పని దాదాపు అయిపోతుంది, నర్సు పని మొదలవుతుంది. గొంతు కింద గొట్టం ఉన్న పసిబిడ్డ ఏడిస్తే వినిపించదు. గాలి స్వరతంత్రుల దాకా పోదు. మొహం ఏడుస్తుంది, నోరు తెరుచుకుంటుంది, చప్పుడు ఉండదు. వార్డులో పది మంది పిల్లలుంటే మిగతా తొమ్మిది మంది అరుపుల మధ్య ఈ బిడ్డ గొట్టంలో కఫం ఎండిపోయి అడ్డుపడినా ఎవరికీ తెలియదు. ఈ పిల్లల్లో గొట్టం వల్ల జరిగే మరణాలకు ప్రధాన కారణాలు రెండే: గొట్టం మూసుకుపోవడం, ఊడిపోవడం. రెండూ ఆపరేషన్ థియేటర్ బయట జరిగేవే. మంచం పక్కన అదే సైజు గొట్టం ఇంకోటి, అర సైజు చిన్నది ఒకటి, కత్తెర, సక్షన్ పైపు ఎప్పుడూ ఉండాలి. బీరువాలో తాళంవేసి ఉన్నా, స్టోర్‌లో ఇండెంట్ పెట్టి ఉన్నా లేనట్టే.

ముక్కు చేసే పని కూడా ఎవరో ఒకరు చేయాలి. గాలిని వెచ్చజేసి తడిపేది ముక్కే. గొట్టంలోకి సూటిగా పోయే పొడిగాలి కఫాన్ని పెచ్చు కట్టిస్తుంది. అందుకని గొట్టం మూతికి తడిని పట్టి ఉంచే చిన్న ఫిల్టర్ పెడతారు. సక్షన్ పైపును ఎంత లోతుకు దింపాలో ముందే కొలిచి గుర్తు పెట్టుకుంటారు, గొట్టం కొసను కొద్దిగా దాటితే చాలు. మళ్లీ మళ్లీ లోతుకు పొడిస్తే కింద పుండవుతుంది. ఒక్కోసారి ఐదు నుంచి పది సెకన్లకు మించకూడదు.

ఇదంతా ఇంటికి వెళ్లాక అమ్మ చేయాలి. అమ్మ ఒక్కతే చాలదు, ఆమె నిద్రపోతుంది, ఆమెకు జ్వరమొస్తుంది. ఇంకొకరు నేర్చుకోవాలి. నాన్నో, అమ్మమ్మో, పిన్నో. బాగా నడిపే చోట్ల బొమ్మమీద నేర్పి, తర్వాత బిడ్డమీద చేయించి, ఆఖర్న ఒక రోజంతా నర్సులు చేయి పెట్టకుండా ఇంటివాళ్లతోనే నడిపిస్తారు. గొట్టం కట్టే నాడాకూ మెడకూ మధ్య ఒక వేలు దూరాలి, రెండు వేళ్లు దూరితే వదులు. కరెంటు పోతే సక్షన్ మిషనుకు బ్యాటరీ ఉండాలి, లేదా కాలితో తొక్కేది కొనుక్కోవాలి. నీళ్లు పోసేటప్పుడు ఛాతీ దాటకూడదు. తలకు పోసి సాంబ్రాణి ధూపం వేసే అలవాటు ఈ బిడ్డకు లేదు, పౌడరు లేదు, పొయ్యి పొగలో కూర్చోబెట్టడం లేదు. తెలుగు ఇళ్లల్లో నానమ్మలకు ఈ సాంబ్రాణి మాట ఒప్పించడం గొట్టం మార్చడం నేర్పినంత పని అనుకుంటాను. డిశ్చార్జి కాగితం మీద ఇదంతా ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి ఇస్తే ఏం లాభం? తెలుగులో, బొమ్మలతో, గొట్టం సైజు పెద్ద అక్షరాలతో ఉండాలి.

ఎవరి సొత్తు?

ఊపిరిగొట్టం పై భాగం చెవి, ముక్కు, గొంతు డాక్టరుది. కింది భాగం, ఛాతీలోకి దిగాక, గుండె సర్జనుది. అన్నవాహికతో అంటుకుని పుట్టిన పసికందుదైతే పిల్లల సర్జనుది. అందులో పోయే గాలి మత్తు డాక్టరుది, ఆ తర్వాతి రాత్రులన్నీ ఐసీయూవి. హైదరాబాదులో 1953 నుంచి నడుస్తున్న నిలోఫర్ పిల్లల ఆసుపత్రి రెడ్ హిల్స్‌లో ఉంది, ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి కోఠిలో ఉంది. వైద్యశాఖల విభజన అలా పెరిగింది, ఎవరి తప్పూ కాదు. పిల్లల మెడలో మాత్రం ఆ విభజన గీతలు లేవు.

ఇందుకు జవాబు కనిపెట్టిన చోటు లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రి. అక్కడి పని అర్థం కావాలంటే పుట్టుకతో వచ్చే ఒక అరుదైన లోపం గురించి చెప్పాలి. కొందరు పిల్లల్లో ఊపిరిగొట్టం కమ్ములు ‘సి’లా కాకుండా ‘ఓ’లా పూర్తిగా మూసుకుని, పెరగని సన్నని గొట్టంగా ఏర్పడతాయి. చాలామందిలో దానికి తోడు ఎడమ ఊపిరితిత్తికి పోయే ధమని తప్పుచోట పుట్టి ఊపిరిగొట్టానికి వెనకగా చుట్టుకుని ఉంటుంది. 1980ల్లో దీనికి పక్కటెముక మృదులాస్థితోనో, గుండె పైపొరతోనో మాటు వేసేవారు. కోబె, షికాగో నగరాల సర్జన్లు చూపిన దారులవి. మాటు వేసినచోట కండ పెరిగి మళ్లీ మూసుకుపోవడం పెద్ద బెడద. 1989లో లండన్‌లో విక్టర్ సాంగ్, పీటర్ గోల్డ్‌స్ట్రా బృందం బయటి ముక్క అక్కర్లేని ఉపాయం ప్రచురించింది. సన్నని భాగాన్ని సరిగ్గా మధ్యలో అడ్డంగా కోయాలి. పై ముక్కను ఒకవైపు, కింది ముక్కను దానికి ఎదురువైపు నిలువునా చీల్చాలి. ఏటవాలుగా చెక్కిన రెండు వెదురు బొంగుల్లా ఒకదానిమీదికి ఒకటి జార్చి అంచులు కుట్టాలి. సన్నని భాగం పొడవు సగమవుతుంది, చుట్టుకొలత రెండింతలు, గాలి పోయే చోటు నాలుగింతలు. పోజాయ్ లెక్కలో నిరోధం పదహారో వంతుకు దిగుతుంది. కుట్టిందంతా బిడ్డ సొంత కణజాలమే కాబట్టి అది బిడ్డతోపాటు పెరుగుతుంది. ఇంత సులువైన జ్యామితి అంతకుముందు ఎవరికీ తట్టకపోవడమే ఆశ్చర్యం.

ఆ ఆసుపత్రి 2004లో ఒక లెక్క ప్రచురించింది: ఈ పద్ధతికి మారి, గుండె సర్జను, ఈఎన్‌టీ, మత్తు, రేడియాలజీ, ఐసీయూ, నర్సులు అందరూ ఒకే బృందంగా కేసును ముందునుంచి చూడడం మొదలుపెట్టాక ఫలితాలు మెరుగయ్యాయి, ఖర్చు కూడా తగ్గింది. 2014లో ఇంకో లెక్క: పదిహేడేళ్లలో 101 మంది పిల్లలు, బతికినవారు 88 శాతం. ఆ 101ని చూడండి. దేశం నలుమూలల నుంచీ, బయటి దేశాల నుంచీ పిల్లలు వచ్చే చోట, ఏడాదికి ఆరుగురు. ఈ ఆపరేషన్‌ను ప్రతి పిల్లల ఆసుపత్రీ తలో ఒకటి చేయాలనుకుంటే ఎవరి చెయ్యీ తిరగదు.

అయితే ఆ ఆరుగురినీ మొదట చూసేది ఊళ్లో ఉన్న మామూలు ఆసుపత్రే. అక్కడి డాక్టరుకు తట్టాల్సినవి కొన్నే. ఊపిరి తీసేటప్పుడూ వదిలేటప్పుడూ రెండింటా చప్పుడు వస్తే ఇరుకు ఊపిరిగొట్టంలో ఉండొచ్చు. ఊపిరి తీసేటప్పుడే గురగుర, బోర్లా పడుకోబెడితే తగ్గుతుందంటే చాలాసార్లు అది స్వరపేటిక మెత్తదనం, రెండేళ్లలోపు దానంతటదే పోతుంది. స్వరతంత్రులు బాగానే కనిపిస్తూ, గొట్టం వాటిని దాటాక కిందికి దిగనంటే బలవంతం చేయకూడదు. సైజు తగ్గించి మళ్లీ మళ్లీ పొడిచిన ప్రతిసారీ వాపు పెరుగుతుంది, మిగిలిన రెండు మిల్లీమీటర్లూ పోతాయి. పైపైనే గొట్టం నిలిపి, వెంటనే ఫోన్ చేసి, పంపాలి. ఈ ఆగడం తెలిసిన డాక్టరును నేను గొప్ప సర్జనుతో సమానంగా లెక్కేస్తాను.

కొత్త ఊపిరిగొట్టమే తయారుచేసి పెడతామన్న ఆశ కూడా ఒకటి నడిచింది. మూలకణాలు పూసిన ప్లాస్టిక్ గొట్టాన్ని 2011లో స్వీడన్‌లో పాలో మాకియారిని ఒక రోగికి అమర్చి ప్రపంచమంతా మోత మోగించాడు. 2013లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో ఊపిరిగొట్టం లేకుండా పుట్టిన రెండేళ్ల పాపకూ అలాంటిదే పెట్టారు. మూడు నెలలు తిరక్కుండానే ఆ పాప చనిపోయింది. 2023లో స్వీడన్ అప్పీళ్ల కోర్టు ముగ్గురు రోగుల విషయంలో అతణ్ని దోషిగా తేల్చి రెండున్నరేళ్ల జైలుశిక్ష వేసింది. ఇదే కాలంలో మిషిగన్‌లో గ్లెన్ గ్రీన్, స్కాట్ హోలిస్టర్ చాలా చిన్న పని చేశారు. శ్వాసనాళం మెత్తబడి ఊపిరి వదిలినప్పుడల్లా కూలిపోతున్న బిడ్డకు 3డీ ప్రింటర్‌తో పాలికాప్రోలాక్టోన్ తొడుగు చేసి, నాళానికి బయటినుంచి కట్టారు. నాళం గట్టిపడ్డాక, మూడేళ్లకు, ఆ తొడుగు ఒంట్లోనే కరిగిపోయేలా. 2013లో అది వైద్యపత్రికలో వచ్చింది. పేపర్ల పతాక శీర్షికల్లో మొదటిదానికి దక్కిన చోటు దీనికి దక్కలేదు.

గొంతు కింద గొట్టం పెట్టిన పిల్లల్లో చాలామందికి అది శాశ్వతం కాదు. కారణం తీరాక తీసే పద్ధతి నెమ్మది. ముందు బ్రాంకోస్కోపుతో దారి చూస్తారు, రంధ్రం పైన కండ పెరిగి ఉంటే తీసేస్తారు. తర్వాత గొట్టం సైజు తగ్గిస్తారు. పగలు మూత పెట్టి ఆడుకోనిస్తారు, మెట్లెక్కిస్తారు, పాలు తాగిస్తారు. అప్పుడే చాలామంది పిల్లలు తమ గొంతు తాము వింటారు. కొందరు దానికే బెదిరి ఏడుస్తారు, ఆ ఏడుపు వార్డంతా వినిపిస్తుంది. ఆ తర్వాత ఒక రాత్రంతా మూతతో, శాచురేషన్ మిషను పెట్టి, ఆసుపత్రిలోనే నిద్రపుచ్చుతారు. పగలు గెలిచిన పిల్లాడు నిద్రలో ఓడిపోవచ్చు. అంకెలు నిలబడితే గొట్టం తీసి, పైన గుడ్డ అంటించి, ఒకటి రెండు రోజులు ఉంచుతారు. రంధ్రం చాలావరకు దానంతటదే ముడుచుకుంటుంది. ఏళ్ల తరబడి గొట్టం ఉన్న పిల్లల్లో కొందరికి సన్నని చిల్లు మిగిలి, దగ్గినప్పుడు అందులోంచి గాలి తన్నుతుంది. ఆరునెలలు, ఏడాది చూసి దాన్ని కుట్టేస్తారు. చిన్న ఆపరేషనే, పిల్లల సర్జనూ మత్తు డాక్టరూ ఐసీయూ మంచమూ ఉన్న చోట చేయొచ్చు. ఆ రాత్రికి మాత్రం ఇంటికి పంపరు. కుట్టు గట్టిగా పడి, లోపలినుంచి గాలి కారితే అది చర్మం కింద మెడంతా ఉబ్బుకొస్తుంది కాబట్టి, గంటగంటకూ నర్సు వచ్చి మెడ తడిమి చూస్తుంది.